ప్రాణాంతక పిత్తనాళ అవరోధ చికిత్సలో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్లోమం, పిత్తనాళాలు, పిత్తాశయం మొదలైన అవయవాల్లో పుట్టే క్యాన్సర్లు పిత్తప్రవాహాన్ని అడ్డగించినప్పుడు అవరోధజన్యమైన కామెర్లు కలుగుతాయి. పొట్ట కోయకుండా, చర్మం ద్వారా కాలేయంలోకి సూదిని పంపి ఆ పిత్తానికి దారి చూపే ప్రక్రియ ఐదు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది. ఆ ప్రక్రియ ఎలా రూపొందింది, ఏ రోగికి ఎండోస్కోపీ కన్నా మేలు, ఎవరికి హాని అనే ప్రశ్నలను ప్రధానమైన క్లినికల్ పరీక్షల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కామెర్లు, పిత్తనాళం, కాలేయద్వారం, క్యాన్సర్, స్టెంట్, ఇంటర్వెన్షనల్ రేడియాలజీ, ఎండోస్కోపీ.

1. కామెర్లు – అవరోధం

కామెర్లు అన్న ఒక్క మాటతో తెలుగువారు వ్యవహరించే స్థితి వెనుక ఒకదానితో ఒకటి పొంతన లేని అనేక వ్యాధులున్నాయి. వైరస్ వల్ల కాలేయకణాలు దెబ్బతిన్నప్పుడు వచ్చే కామెర్లు చాలామందిలో కొద్ది వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. నేల ఉసిరి పసరుకు పల్లెల్లో ఉన్న ప్రతిష్ఠలో కొంత భాగం ఈ సహజమైన తగ్గుదలకు దక్కవలసినదే. పిత్తనాళం మూసుకుపోయినందువల్ల వచ్చే కామెర్ల స్వభావం వేరు. అడ్డు తొలగేదాకా అవి తగ్గవు, రోజురోజుకూ ముదురుతాయి. పసరు తాగుతూ, పథ్యం పాటిస్తూ గడిపిన వారాలు శస్త్రచికిత్సకు అనువైన కాలాన్ని హరించివేయవచ్చు.

కాలేయం రోజుకు సుమారు 600 నుండి 1000 మిల్లీలీటర్ల పిత్తాన్ని స్రవిస్తుంది. కాలేయంలోని సన్నని నాళాలు ఏరుల్లా కలుస్తూ కుడి, ఎడమ కాలేయనాళాలుగా ఏర్పడతాయి. ఆ రెండూ కాలేయద్వారం వద్ద ఒక్కటై, ఉమ్మడి నాళంగా కిందికి దిగి, క్లోమం తలభాగం గుండా సాగి ఆంత్రమూలంలో తెరుచుకొంటాయి. ఈ మార్గంలో కింది భాగాన్ని ఎక్కువగా మూసివేసేది క్లోమం తలలో పుట్టిన క్యాన్సర్. పైభాగాన్ని, అంటే రెండు నాళాలు కలిసే చోటును, పిత్తనాళ క్యాన్సర్ లేదా పిత్తాశయ క్యాన్సర్ ఆక్రమిస్తుంది. ఇతర అవయవాల నుండి వ్యాపించిన క్యాన్సర్ వల్ల ఉబ్బిన లసికా గ్రంథులు కూడా నాళాన్ని బయటి నుండి నొక్కివేయగలవు. భారతదేశంలో పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. అందువల్ల ఉత్తరాది ఆసుపత్రుల్లో కాలేయద్వార అవరోధం తరచుగా ఎదురవుతుంది.

రక్తంలో బిలిరుబిన్ సాధారణంగా డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములను మించదు. అది దాదాపు 3 మిల్లీగ్రాములకు చేరేసరికి కళ్లలో పచ్చదనం కనిపిస్తుంది. మూత్రం ముదురు రంగుకు మారుతుంది, మలం పాలిపోతుంది. నొప్పి లేకుండా వచ్చిన కామెర్లతో పాటు పిత్తాశయం చేతికి తగిలితే అందుకు కారణం రాయి కాకపోవచ్చునని స్విస్ శస్త్రవైద్యుడు కూర్వాజియే 1890లోనే గుర్తించాడు. ఆ సూత్రం నేటికీ వైద్యవిద్యార్థుల మొదటి పాఠాలలో ఒకటి.

పచ్చదనం కంటికి కనిపించే లక్షణం మాత్రమే. రోగిని బాధించేది దురద. నిద్రపోనివ్వని, చర్మం చీరుకుపోయేలా గోకించే ఆ దురదకు సాధారణ అలెర్జీ మాత్రలు పెద్దగా పనిచేయవు. ప్రేగులోకి పిత్తం చేరనందువల్ల కొవ్వులు, వాటితో పాటు కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటికి పట్టవు. విటమిన్ కె కొరవడి రక్తం గడ్డకట్టే శక్తి సన్నగిల్లుతుంది. నిలిచిన పిత్తంలో సూక్ష్మజీవులు చేరితే చలిజ్వరంతో మొదలై రక్తపోటు పడిపోయేదాకా పరిస్థితి విషమించవచ్చు. ఇక క్యాన్సర్ మందుల్లో అనేకం కాలేయం ద్వారానే విసర్జితమవుతాయి కనుక బిలిరుబిన్ తగ్గనిదే వాటిని పూర్తి మోతాదులో ఇవ్వడం కుదరదు. పిత్తనాళ క్యాన్సర్‌లో జెమ్సిటాబిన్‌కు సిస్‌ప్లాటిన్ జోడిస్తే సగటు మనుగడ 8.1 నెలల నుండి 11.7 నెలలకు పెరుగుతుందని 2010లో వెలువడిన పరీక్ష తేల్చింది. ఆ మూడున్నర నెలల లాభం అందుకోవాలంటే ముందుగా నాళం తెరుచుకోవాలి. పిత్తవిసర్జన అన్నది ఇక్కడ ఉపశమనం మాత్రమే కాదు, తరువాతి చికిత్సకు ప్రవేశద్వారం కూడా.

2. సూది నుండి గొట్టానికి

చర్మం గుండా కాలేయంలోకి సూదిని పంపి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని నాళాల్లోకి ఎక్కించే ప్రయత్నాన్ని 1937లో హనోయిలో హువార్, దో స్వాన్ హోప్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించారు. లావు సూదుల వల్ల రక్తస్రావం, పిత్తం పొట్టలోకి కారడం వంటి ప్రమాదాలు ఉన్నందున ఆ పద్ధతి చాలాకాలం శస్త్రచికిత్సకు ముందు జరిపే పరీక్షగానే మిగిలిపోయింది. జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో రూపొందిన సన్నని, వంగే గుణం గల సూది ఈ స్థితిని మార్చింది. దాని వెలుపలి వ్యాసం సుమారు 0.7 మిల్లీమీటర్లు. అది కాలేయంలో పలుమార్లు దూరినా పెద్దగా గాయం చేయదు. చిబా సూది అన్న పేరు అలాగే స్థిరపడింది.

మరోవైపు స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ 1953లో సూది గుండా తీగను, తీగ మీదుగా గొట్టాన్ని పంపే ఉపాయాన్ని ప్రచురించాడు. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ ఆ ఉపాయంతోనే కాలి ధమనిలోని అడ్డును తెరిచాడు. చిత్రాలు తీసి చూపే శాఖ చికిత్స చేసే శాఖగా మారడం అక్కడి నుండి మొదలైంది. ఈ రెండు పాయలూ పిత్తనాళంలో కలిసినది 1974లో. ఆ ఏడాది మోల్నార్, స్టాకమ్ అనే వైద్యులు చర్మం నుండి కాలేయం గుండా గొట్టం వేసి కామెర్లను తగ్గించిన అనుభవాన్ని ప్రకటించారు. నేటి పద్ధతి ఎంత మెరుగుపడినా దాని అస్థిపంజరం ఆనాటిదే.

3. ప్రక్రియ స్వరూపం

పని సూదితో మొదలవదు, చిత్రంతో మొదలవుతుంది. సి.టి. స్కాన్ గడ్డ విస్తృతిని, రక్తనాళాలతో దానికున్న సంబంధాన్ని చూపుతుంది. ఎం.ఆర్.సి.పి. అనే పరీక్ష నాళంలోకి ఏమీ ఎక్కించకుండానే నాళవృక్షాన్ని చిత్రిస్తుంది. ఈ రెండూ లేకుండా నేరుగా గొట్టం వేయబూనడం పటం లేకుండా అడవిలోకి దిగడం వంటిదే. పైగా ఒకసారి గొట్టమో స్టెంటో వేశాక తీసిన చిత్రాల్లో గడ్డ హద్దులను పోల్చుకోవడం కష్టమవుతుంది. ఈ క్రమం తారుమారు కావడం వల్ల జరిగే నష్టం తరువాత పూడ్చుకోలేనిది.

రక్తం గడ్డకట్టే పరీక్షలు సరిచూసి, అవసరమైతే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చి, ముందుగానే యాంటీబయాటిక్ వేస్తారు. కుడివైపు నుండి వెళ్లేటప్పుడు పక్కటెముకల మధ్య నుండి, ఊపిరితిత్తి పొరకు తగలకుండా వీలైనంత కింది నుండి సూదిని పంపుతారు. ఎడమవైపు అయితే రొమ్ము ఎముక కింద నుండి, అల్ట్రాసౌండ్‌లో సూది మొనను చూస్తూనే నాళాన్ని చేరవచ్చు. ఎడమ దారిలో శ్వాసతో పాటు గొట్టం కదలడం తక్కువ, రోగికి నొప్పీ తక్కువ. అయితే దారి ఎంపిక వైద్యుని సౌకర్యాన్ని బట్టి కాక, కాలేయంలో ఏ భాగాన్ని కాపాడుకోవాలన్నదాన్ని బట్టి జరగాలి.

సూది మొన కాలేయద్వారానికి దూరంగా, అంచువైపున ఉన్న సన్నని నాళంలోకి చేరాలి. మధ్యభాగంలో పెద్ద ధమనులు, సిరలు నాళం వెంటే నడుస్తుంటాయి కనుక అక్కడ గుచ్చితే రక్తస్రావ ప్రమాదం ఎక్కువ. నాళం అందాక సూది గుండా సన్నని తీగ, దాని మీదుగా ఒక తొడుగు, ఆ తొడుగు గుండా మరింత దృఢమైన తీగ వెళతాయి. తడి తగిలితే జారే పూత గల తీగను తిప్పుతూ గడ్డలోని ఇరుకు సందును వెతకడంలోనే ఈ విద్యలోని నేర్పంతా ఉన్నది. పూర్తిగా మూసుకుపోయినట్లు చిత్రంలో కనిపించిన నాళం కూడా చాలాసార్లు తీగకు దారి ఇస్తుంది. దారి ఇవ్వనప్పుడు మొండిగా పొడవడం కన్నా పిత్తాన్ని బయటి సంచిలోకి మళ్లించి, వాపు తగ్గిన రెండు మూడు రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించడం మేలు.

తీగ అడ్డును దాటకపోతే గొట్టం కొన అడ్డుకు పైనే ఆగుతుంది, పిత్తమంతా బయటి సంచిలోకి వస్తుంది. దీనిని బాహ్య విసర్జన అంటారు. తీగ దాటితే అడ్డుకు పైనా కిందా రంధ్రాలున్న పొడవైన గొట్టాన్ని ఆంత్రమూలం దాకా పంపవచ్చు. అప్పుడు పిత్తం లోపలికీ పోగలదు, అవసరమైతే బయటికీ రాగలదు. కొన్నాళ్ల తరువాత బయటి మూతి బిగించి సంచిని తీసివేయవచ్చు. మూడవది స్టెంట్: గొట్టం బయటికి లేకుండా నాళాన్ని లోపలే తెరిచి ఉంచే లోహపు జాలి.

గొట్టం వేసిన ఒకటి రెండు రోజుల్లోనే దురద తగ్గడం సాధారణం. పచ్చదనం మాత్రం వెంటనే పోదు. దీర్ఘకాలపు అవరోధంలో బిలిరుబిన్‌లో కొంత భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌తో గట్టిగా బంధించుకొంటుంది. ఆల్బుమిన్ అర్ధాయువు దాదాపు మూడు వారాలు కావడంతో ఆ భాగం నెమ్మదిగానే తగ్గుతుంది. గొట్టం పనిచేయడం లేదని బంధువులు ఆందోళనపడే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ రసాయన బంధమే.

4. ఎక్కడి అవరోధానికి ఏ దారి?

నోటి ద్వారా ఆంత్రమూలం చేరి, కింది నుండి నాళంలోకి ప్రవేశించే ఎండోస్కోపీ పద్ధతి, అంటే ఇ.ఆర్.సి.పి., 1970ల తరువాత బలపడింది. 1987లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్ష ఈ రెండు దారులను నేరుగా పోల్చింది. కామెర్లు తగ్గినవారు ఎండోస్కోపీ వర్గంలో 81 శాతం, చర్మం ద్వారా స్టెంట్ వేసిన వర్గంలో 61 శాతం. నెలలోపు మరణాలు వరుసగా 15, 33 శాతం. కింది భాగపు అవరోధానికి ఎండోస్కోపీయే మొదటి మార్గమన్న నేటి ఏకాభిప్రాయానికి పునాది వేసిన పరీక్షలలో ఇది ప్రధానమైనది.

ఆ అంకెలను ఆనాటి సామగ్రితో కలిపి చదవాలి. అప్పట్లో కాలేయం గుండా నెట్టినది లావైన ప్లాస్టిక్ గొట్టం. అదనపు మరణాలకు చాలావరకు కారణం కాలేయంలో చేసిన ఆ పెద్ద దారి నుండి జరిగిన రక్తస్రావం, పిత్తం కారడం. నేటి లోహపు స్టెంట్ ముడుచుకొని సన్నని తొడుగులో ప్రయాణించి, చేరవలసిన చోట విచ్చుకొంటుంది. 2002లో రేడియాలజీ పత్రికలో వచ్చిన స్పెయిన్ పరీక్షలో చర్మం ద్వారా వేసిన లోహపు స్టెంట్ 71 శాతం మందిలో, ఎండోస్కోపీతో వేసిన ప్లాస్టిక్ స్టెంట్ 42 శాతం మందిలో ఫలించింది. అయితే ఇది రేడియాలజీ విజయమని చాటుకోవడం సరికాదు. అక్కడ పోల్చినది రెండు దారులనే కాదు, రెండు రకాల స్టెంట్లను కూడా. ఈ రంగంలోని వాదోపవాదాలలో అనేకం ఇలా రెండు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా అడగడం వల్ల పుట్టినవే.

అవరోధం కాలేయద్వారం వద్ద ఉన్నప్పుడు లెక్క మారుతుంది. 1965లో క్లాట్‌స్కిన్ వర్ణించిన ఈ క్యాన్సర్లను బిస్మత్, కోర్లెట్ 1975లో వర్గీకరించారు. నాళాలు కలిసే చోటుకు కిందనే ఆగినది మొదటి రకం. ఆ కూడలిని ఆక్రమించినది రెండవది. కుడి లేదా ఎడమ శాఖల్లోకి పాకినది మూడవది, రెండింటిలోకీ పాకినది నాల్గవది. మూడు, నాలుగు రకాలలో కాలేయం ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక గదులుగా చీలిపోతుంది. కింది నుండి వచ్చే ఎండోస్కోపీ తీగ ఏ గదిలోకి పోతుందో ముందుగా నిర్ణయించడం కష్టం. చర్మం నుండి వచ్చే సూది మాత్రం కావలసిన గదినే ఎంచుకోగలదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజీకి ఉన్న అసలు బలం ఇదే.

కామెర్లు తగ్గడానికి కాలేయం మొత్తాన్నీ తెరవనక్కరలేదు. సగానికి మించిన కాలేయానికి దారి దొరికితే ఫలితం మెరుగ్గా ఉంటుందని 2010లో ఫ్రాన్సు నుండి వచ్చిన అధ్యయనం చూపింది. కుడిభాగం సుమారు 55 నుండి 60 శాతం, ఎడమభాగం 30 నుండి 35 శాతం, మిగిలినది పుచ్ఛభాగం అన్న స్థూల లెక్కను బట్టి ఒక గొట్టం చాలునో, రెండు కావాలో ముందే అంచనా వేయవచ్చు. ఎండిపోయి కుంచించుకుపోయిన భాగంలో గొట్టం వేయడం వృథా. రంగుద్రవం ఎక్కించి విసర్జన ఏర్పాటు చేయకుండా వదిలిన భాగం మరింత ప్రమాదకరం. అక్కడ నిలిచిన ద్రవం చీముగా మారవచ్చు. తెరవలేని గదిని తట్టకపోవడమే మంచిదన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం.

కడుపు శస్త్రచికిత్స వల్ల ప్రేగుల అమరిక మారినవారిలో, గడ్డ ఆంత్రమూలాన్నే మూసివేసినవారిలో, ఇ.ఆర్.సి.పి. విఫలమైనవారిలో కూడా చర్మం ద్వారా వెళ్లే దారి అక్కరకు వస్తుంది. 2001 తరువాత ఎండోస్కోపీలోనే అల్ట్రాసౌండ్ అమర్చి, ఆంత్రమూలం గోడ నుండి నేరుగా పిత్తనాళంలోకి స్టెంట్ వేసే పద్ధతి వచ్చింది. బయటికి గొట్టం ఉండదు కనుక రోగులు దానిని ఇష్టపడతారు. ఆ నైపుణ్యం హైదరాబాదు వంటి నగరాల్లోని కొద్ది కేంద్రాలకే పరిమితం కావడం దాని ప్రస్తుత పరిమితి.

5. స్టెంట్ ఎంపిక

ప్లాస్టిక్ స్టెంట్ చవక. దాని వెలుపలి వ్యాసం సాధారణంగా 3.3 మిల్లీమీటర్లకు మించదు. లోహపు స్టెంట్ విచ్చుకొన్నాక 8 నుండి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. గొట్టంలో ద్రవప్రవాహం వ్యాసార్ధపు నాల్గవ ఘాతాన్ని అనుసరిస్తుందన్న భౌతికసూత్రం ప్రకారం వ్యాసం మూడు రెట్లయితే ప్రవాహసామర్థ్యం 81 రెట్లవుతుంది. శరీరంలో లెక్క ఇంత సూటిగా ఉండదు కాని దిశ మాత్రం ఇదే. కింది భాగపు అవరోధంలో లోహపు స్టెంట్ మధ్యస్థంగా 273 రోజులు, ప్లాస్టిక్ స్టెంట్ 126 రోజులు తెరిచి ఉన్నాయని 1992లో నెదర్లాండ్స్ పరీక్ష నిరూపించింది.

జాలి సందుల్లోంచి గడ్డ లోపలికి పెరగకుండా స్టెంట్‌కు పొర తొడిగే పద్ధతి ఉన్నది. ఆ పొర పక్క నాళాలను, పిత్తాశయపు మూతిని మూసివేయగలదు కనుక కాలేయద్వారం వద్ద పొర లేనివాటినే వాడతారు. పొర లేని లోహపు స్టెంట్‌ను తరువాత తీయడం దాదాపు అసాధ్యం. రోగనిర్ధారణ పూర్తికాకముందే దానిని వేయడం తొందరపాటు అవుతుంది. నాళాన్ని గీరి తీసిన కణాల పరీక్ష క్యాన్సర్‌ను పట్టుకొనేది సగం మందిలోనే కనుక, చర్మపు దారి నుండే చిన్న పట్టుకారు పంపి ముక్క తీయడం ఈ దశలో ఉపయోగకరం. పిత్తంలో చీము ఉంటే ముందు గొట్టం, జ్వరం తగ్గాకే స్టెంట్.

6. శస్త్రచికిత్సకు ముందు

కోసి తీసివేయదగిన గడ్డ ఉన్న రోగికి ముందుగా కామెర్లు తగ్గించాలా అన్నది ఈ రంగంలో అత్యంత వివాదాస్పదమైన ప్రశ్న. తగ్గించాలన్నదే సహజమైన ఊహ. 2010లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన నెదర్లాండ్స్ పరీక్ష ఆ ఊహను తలకిందులు చేసింది. క్లోమం తల క్యాన్సర్ ఉన్నవారిలో ముందుగా విసర్జన చేసినప్పుడు తీవ్రమైన ఉపద్రవాలు 74 శాతం, నేరుగా శస్త్రచికిత్స చేసినప్పుడు 39 శాతం. ఇన్ఫెక్షన్, మరీ ఎక్కువ బిలిరుబిన్, ముందుగా కీమోథెరపీ ఇవ్వవలసిన అవసరం వంటివి లేనప్పుడు నాళాన్ని తాకకుండా వదలడమే మేలని దీని ఫలితార్థం.

కాలేయద్వార క్యాన్సర్‌లో కాలేయంలో పెద్ద భాగాన్నే తీసివేయాలి కనుక ఈ తీర్పు యథాతథంగా వర్తించదు. మిగలబోయే భాగం సరిపోయేంత ఉండాలి, కామెర్ల భారం లేకుండానూ ఉండాలి. ఇక్కడే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ రెండు పనులను జోడిస్తుంది. మిగలబోయే వైపున పిత్తాన్ని విసర్జింపజేస్తుంది. తీసివేయబోయే వైపుకు వెళ్లే ద్వారసిరను లోపలి నుండి మూసివేస్తుంది. రక్తమంతా ఒకవైపే మళ్లడంతో ఆ భాగం కొద్ది వారాల్లో పెరుగుతుంది. జపాన్‌లో మకుచి బృందం కాలేయద్వార క్యాన్సర్‌లో అనుసరించి 1990లో ప్రకటించిన ఈ ఉపాయం, శస్త్రచికిత్సకు తగరని తిరస్కరించే రోగులలో కొందరికి ఆ అవకాశాన్ని కల్పించింది.

అయినా ఏ దారిన విసర్జన చేయాలన్న ప్రశ్నకు ఇబ్బందికరమైన సమాధానం 2018లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో శస్త్రచికిత్సకు అనువైన కాలేయద్వార క్యాన్సర్ రోగులను రెండు వర్గాలుగా చేసి పోల్చిన పరీక్షను మధ్యలోనే ఆపివేశారు. చర్మం ద్వారా విసర్జన చేసిన 27 మందిలో 11 మంది, ఎండోస్కోపీ చేసిన 27 మందిలో ముగ్గురు మరణించారు. ఎండోస్కోపీ వర్గంలో సగానికి పైగా రోగులకు తరువాత చర్మం ద్వారా కూడా గొట్టం వేయవలసి వచ్చింది. విసర్జన దశలోని తీవ్ర ఉపద్రవాలు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం. 54 మందితో ఆగిన పరీక్ష నుండి తుదితీర్పు తీయలేము. కాని దానిని పక్కకు నెట్టివేయడం శాస్త్రీయం కాదు. చర్మపు దారి వెంట క్యాన్సర్ కణాలు నాటుకొనే ముప్పును కూడా కలుపుకొంటే, శస్త్రచికిత్సకు తగిన రోగిలో ఈ ప్రక్రియను అలవాటుగా చేపట్టరాదన్న వాదానికే బలం ఎక్కువ.

7. ఉపద్రవాలు

గొట్టం వేసిన కొద్ది గంటల్లో చలిజ్వరం రావడం అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే ఉపద్రవం. నిండి ఉన్న నాళంలోకి రంగుద్రవాన్ని ఒత్తిడితో ఎక్కిస్తే సూక్ష్మజీవులు రక్తంలోకి పొంగుతాయి. అందుకే ముందు కొంత పిత్తాన్ని తీసి, ఆపైన తక్కువ ద్రవంతో సరిపెట్టుకోవాలి. సంచిలో రక్తం కనిపిస్తే ముందు చూడవలసినది గొట్టపు రంధ్రాలు జారి సిరలోకి వచ్చాయా అన్నది. ధమని గాయపడి బుడగలా ఉబ్బితే రోజుల తరువాత కూడా హఠాత్తుగా రక్తస్రావం కావచ్చు. దానికి చికిత్స కూడా రేడియాలజిస్టు చేతిలోనే ఉన్నది: తొడ లేదా మణికట్టు ధమని నుండి వెళ్లి ఆ శాఖను లోహపు చుట్టలతో మూసివేయాలి.

బాహ్య విసర్జనలో రోజూ పోయే పిత్తంతో పాటు నీరు, సోడియం, బైకార్బొనేట్ కూడా పోతాయి. రోజుకు లీటరు దాటితే వృద్ధులలో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జపాన్‌లోని కొన్ని కేంద్రాల్లో ఆ పిత్తాన్నే తిరిగి నోటి ద్వారానో ముక్కు గొట్టం ద్వారానో ఇచ్చే ఆనవాయితీ ఉన్నది. చేదుగా ఉన్నా తర్కబద్ధమైన పద్ధతే.

నాళం లోపల చేసే ఇతర చికిత్సల పట్ల ఉత్సాహం కాలానుగుణంగా పెరుగుతూ తరుగుతూ వచ్చింది. కాంతితో క్యాన్సర్ కణాలను చంపే పద్ధతి మనుగడను 98 రోజుల నుండి 493 రోజులకు పెంచిందని 2003లో 39 మందితో జరిగిన పరీక్ష ప్రకటించింది. బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన మరింత పెద్ద పరీక్షలో ఆ చికిత్స పొందినవారు 6.2 నెలలు, స్టెంట్ మాత్రమే వేసినవారు 9.8 నెలలు జీవించారు. రేడియో తరంగాల వేడితో స్టెంట్ లోపలి గడ్డను కాల్చే ప్రక్రియను చూసేటప్పుడు ఈ అనుభవాన్ని మరువరాదు.

8. గొట్టంతో ఇంటికి

గొట్టం వేసిన గది నగరంలో, దానితో రోగి బ్రతకవలసిన ఇల్లు మరెక్కడో ఉంటుంది. సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందనే ఉండాలి. వైద్యుడు చెప్పిన మేరకు 5 నుండి 10 మిల్లీలీటర్ల శుభ్రమైన సెలైన్‌ను మెల్లగా ఎక్కించాలి, వెనక్కి గుంజరాదు. కుట్టు ఊడినా, గొట్టం కొంచెం బయటికి జారినా, చుట్టూ పిత్తం కారినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. సాధారణంగా రెండు మూడు నెలలకొకసారి గొట్టం మార్చాలి. ఈ నాలుగు మాటలు తెలుగులో రాసిన కాగితం రోగి చేతిలో పెట్టకుండా పంపివేస్తే ప్రక్రియ సగంలో ఆగినట్లే. జిల్లా ఆసుపత్రిలోని నర్సుకు ఆ గొట్టం ఏమిటో తెలియకపోవడం వల్ల కలిగే హాని ఏ క్లినికల్ పరీక్ష లెక్కల్లోకీ రాదు.

చివరిదశలో ఉన్న రోగి విషయంలో మరొక ప్రశ్న అడగవలసి ఉంటుంది. కాలేయమంతా క్యాన్సర్ నిండి, పొట్టలో నీరు చేరి, మంచం దిగలేని స్థితిలో ఉన్నవారికి దురదా లేక, జ్వరమూ లేక, కీమోథెరపీ ఇచ్చే ఆలోచనా లేనప్పుడు బిలిరుబిన్ అంకెను తగ్గించడం కోసం గొట్టం వేయడానికి ఆధారం లేదు. పొట్టలో నీరున్నప్పుడు గొట్టం చుట్టూ ఆ నీరు కారుతూనే ఉంటుంది, రక్తస్రావ ప్రమాదమూ పెరుగుతుంది. మిగిలిన కొద్ది వారాలలో కొన్ని రోజులు ఆసుపత్రి మంచం మీదనే గడుస్తాయి. అదే రోగికి నిద్రపట్టనివ్వని దురద ఉంటే నిర్ణయం మారవచ్చు. అప్పుడు కూడా పచ్చదనం పోతుందని కాక, దురద తగ్గుతుందని, ఆయుష్షు పెరుగుతుందన్న హామీ లేదని, గొట్టం ఒంటిమీద ఉండిపోవచ్చునని రోగికీ కుటుంబానికీ సూది పట్టడానికి ముందే చెప్పాలి. పసుపు రంగు పోతే జబ్బు పోయినట్లేనన్న నమ్మకం బలంగా ఉన్న సమాజంలో ఈ సంభాషణకు పట్టే సమయం ప్రక్రియకు పట్టే సమయం కన్నా ఎక్కువే కావచ్చు.